కంచె మీది నల్లేరు

సులువైన పనిని మనవాళ్లు నల్లేరు మీద బండి నడక అంటారు. కన్నడ రాష్ట్రపు పావగడ తాలూకాలో సబ్‌సెంటర్ నర్సుగా ఉద్యోగమంతా గడిపి, రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఎవరైనా ఆ మాట అంటే నాకు నవ్వు రాదు. నల్లేరు అనగానే నాకు రాయచెర్లులో ఒక ఇల్లు, ఆ ఇంట్లో నాలుగు ముఖాలు గుర్తొస్తాయి.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. సూది ఎలా వేయాలో, కాన్పు ముందు ఏం చూడాలో, టీకాలు ఎంత చల్లగా ఉంచాలో మీకు శిక్షణలో నేర్పుతారు. భయం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మన పనిలో సగం భయాన్ని మోయడమే. రోగి భయం ఒకవైపు, ఇంటివాళ్ల భయం ఒకవైపు, పై డాక్టరు భయం మరోవైపు. వీటి మధ్య మన భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. భయపడ్డ మనిషి నిజం చెప్పడు. ఇంత చిన్న సంగతి నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఊళ్ల పేర్లు ఉన్నవే. మనుషుల పేర్లు మార్చాను.

మంగళవాడ పెళ్లి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మంగళవాడలో వేశారు. అక్కడ ఒక పెళ్లింట్లో పొద్దున రాగి ముద్దలోకి నల్లేరు పచ్చడి చేశారు. వంటకు వచ్చిన ఆడవాళ్లలో ఎవరో పొరుగూరి పిల్ల ఈనె తీయకుండా, నూనెలో సరిగా వేయించకుండా, చింతపండు చాలకుండా నూరేసింది. తిన్నవాళ్లందరికీ గొంతు గీరడం మొదలైంది. కొంతమంది నాలుక బయటపెట్టి నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తారు. విషం పెట్టారని ఎవరో అన్నారు. అంతే, మగపెళ్లివారు ఒకవైపు, ఆడపెళ్లివారు ఒకవైపు అయిపోయారు.

నన్ను పిలిస్తే వెళ్లాను. విషం తిన్నవాళ్లను అంతకుముందు చూసి ఎరగను. నాతో వచ్చిన పెద్ద డాక్టరు మాత్రం ఒకామె నోరు తెరిపించి చూసి, పచ్చడి గిన్నె వాసన చూసి, అందరికీ మజ్జిగ పోయించమన్నాడు. బెల్లం ముక్క చప్పరించమన్నాడు. మంచం మీద కూర్చుని తనూ మజ్జిగ తాగాడు. మధ్యాహ్నానికి అందరూ బాగయ్యారు. తాళి కట్టే వేళ దాటిపోయిందని పురోహితుడు సణుక్కున్నాడే తప్ప ఇంకే నష్టమూ జరగలేదు.

ఆ డాక్టరు తిరుగు దారిలో చెప్పిన మాట నాకు బాగా ఉపయోగపడింది. నల్లేరు దురద గీరుతుంది కానీ చర్మం ఊడదీయదు, గంటా రెండు గంటల్లో తగ్గుముఖం పడుతుంది అన్నాడు. ఆయన మంచి డాక్టరు. కానీ ఆయనకొక దోషం ఉండేది. భయపడ్డవాళ్లను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, రెండోసారి నిజంగా ప్రాణం మీదికి వచ్చినా ఆయన దగ్గరికి వెళ్లనివాళ్లు ఉన్నారు. రోగి ముందు నవ్వకండి. లోపల ఎంత ధైర్యంగా ఉన్నా సరే.

కంచె వచ్చాక

మీలో బయటి జిల్లాల నుంచి వచ్చేవాళ్ల కోసం ఈ తీగ గురించి కాస్త చెప్పాలి. నల్లేరు కాడ నాలుగు పలకలుగా, కణుపు కణుపుగా ఉంటుంది. వాన లేకపోయినా బతుకుతుంది. తుంచి ముళ్ల కంప మీద పడేస్తే అక్కడే అల్లుకుంటుంది. లేత కొసలు, ఆకులు తింటారు. చేతికి నూనె రాసుకుని తుంచాలి, లేకపోతే చేతులు దురద. మోకాళ్ల నొప్పులకు మంచిదని, విరిగిన ఎముక అతుక్కుంటుందని మనవాళ్ల నమ్మకం. కరువు ఏళ్లలో కూరాకు దొరకనప్పుడు ముద్దలోకి ఇదే దిక్కు. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం వేడి చేస్తుందని పెట్టరు.

సర్వీసు చివర నేను రాయచెర్లు సబ్‌సెంటర్‌లో ఉన్నాను. అప్పటికి సోలార్ పార్కు వచ్చింది. వేరుశనగ చేలు పోయి, కనుచూపు మేరంతా ప్యానెల్లు, వాటి చుట్టూ ఇనుప కంచెలు. చేల గట్ల మీద ఉండే కంప పోయింది, కంపతో పాటు నల్లేరూ పోయింది. పోయిన నల్లేరు కొన్నాళ్లకు ఇనుప కంచెల మీద మొలిచింది. ముల్లుకూ ఇనుముకూ దానికి తేడా లేదు. ఆడవాళ్లు మేకల వెంట పోతూ పోతూ కంచె బయటి వైపు కొసలు తుంచుకుని కొంగులో వేసుకునేవారు.

హనుమక్క అలా తుంచుకునే మనిషే. మోకాళ్లు అరిగిపోయినా మేకల్ని వదల్లేదు. కొడుకు తిప్పేస్వామి పార్కులో ఒక కాంట్రాక్టరు కింద గడ్డి తీసే పనికి, ప్యానెల్లు కడిగే పనికి వెళ్లేవాడు. కోడలు రత్నమ్మకు ఏడో నెల. మనవరాలు పవిత్ర ఐదో తరగతి. రత్నమ్మ కోసం నేను ఆ ఇంటికి తరచూ వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా హనుమక్క నా చేతికి ఏదో ఒకటి ఇవ్వకుండా పంపేది కాదు.

ఆ రోజు

పొద్దెక్కాక పవిత్రను ఎత్తుకుని తిప్పేస్వామి సబ్‌సెంటర్‌కు వచ్చాడు. వెనక హనుమక్క, రత్నమ్మ. ముసలామెకు, పిల్లకు ముందు రోజు మధ్యాహ్నం నుంచి వాంతులు, నోట్లో మంట.

“నల్లేరు దురదేలే సిస్టరమ్మా,” అంది హనుమక్క. “చింతపండు తక్కువ పడింది. మజ్జిగ తాగినా తగ్గలే.”

నోరు తెరవమన్నాను. టార్చి వేసి చూశాను.

నాలుక మీద తెల్లటి పొర. దూదితో తాకితే ఆ పొర ఊడి వచ్చింది. కింద ఎర్రటి మాంసం. పెదవుల లోపల అంతా పుళ్లు. పిల్లకు కూడా అలాగే, కాకపోతే తక్కువ. టార్చి ఆపి, మళ్లీ వేసి చూశాను. అది దురద కాదని నాకు తెలిసిపోయింది. ఏమిటో మాత్రం తెలియలేదు. హనుమక్క నా ముఖమే చూస్తోంది, అందుకని టార్చి పెట్టెలో పెట్టే మిషతో అటు తిరిగాను.

అప్పుడు అడగవలసినవి అడిగాను. నల్లేరు ఎక్కడ కోశావు అంటే మొన్న, ఎప్పుడూ కోసే చోటే అంది హనుమక్క. ముందు రోజు పొద్దున నూరిందట, తనూ పిల్లా తిన్నారట. పని తొందరలో తిప్పేస్వామి తినకుండా వెళ్లాడట. రత్నమ్మను అడిగితే, నేను ముట్టలేదు సిస్టరమ్మా, వేడి గదా అంది. పొలం మందులేమైనా తగిలాయా అంటే అందరూ లేదన్నారు. తిప్పేస్వామి కూడా లేదన్నాడు. అతను గది లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి అరచేతులు పంచెకు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నాడు. అంబులెన్సు వేరే ఊరు వెళ్లి ఉంది. బజారులో నిండుతున్న షేర్ ఆటోలో ఉన్నవాళ్లను దించి, వీళ్లను ఎక్కించుకుని ఆరోగ్య కేంద్రానికి బయల్దేరాం, తిప్పేస్వామి తన బండి మీద వెనక వచ్చాడు. దారంతా పవిత్ర నా ఒళ్లో తల పెట్టుకుని ఉమ్మి మింగలేక తువ్వాలులోకి ఉమ్ముతూనే ఉంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ముసలామె కడుపు పట్టుకునేది, శబ్దం మాత్రం చేయలేదు.

డాక్టరు గురించి

అప్పటి మా డాక్టరు మైసూరు వైపు అబ్బాయి. తెలుగు రాదు, కన్నడంలోనే మాట్లాడేవాడు. వయసులో నా కొడుకంత ఉంటాడు. ఇద్దరి నోళ్లూ చూశాక నన్ను మందుల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, తనకు ఇదేమిటో తెలియడం లేదన్నాడు. ఏదో మందు తాకినట్టే ఉంది, ఏ మందో తెలిస్తే తప్ప ఏం చేసినా చీకట్లో చేసినట్టే అన్నాడు.

నా సర్వీసులో నేను చూసిన మంచి పై అధికారుల్లో అతనొకడు. తెలియదు అని చెప్పగల డాక్టరు దగ్గర పనిచేయడం అదృష్టం. తెలిసినట్టు నటించే డాక్టరు మీకు ధైర్యం ఇస్తాడు, రోగికి చావు ఇస్తాడు. ఇది కటువుగా ఉన్నా రాయకుండా ఉండలేను.

సెలైన్ పెట్టి, తాలూకా ఆసుపత్రికి, జిల్లాకు ఫోన్లు చేయడం అతని పనిగా పెట్టుకున్నాడు. ఆ తీగ పుట్టిన చోటు చూసి రావడం నా పని అయింది. కొడుకును వెంటబెట్టుకు వెళ్లండి, దారిలో అడగండి, ఇక్కడ అందరి ముందూ చెప్పడు అన్నాడు డాక్టరు. ఇక్కడా గుమ్మం దాటి రాని ఆ మనిషిని అతనూ చూశాడన్న మాట.

కంచె దగ్గర

తిప్పేస్వామి బండి మీద వెనక కూర్చుని వెళ్లాను. దారిలో అడిగితే అవును కాదు తప్ప ఏమీ అనలేదు. పార్కు వెనక మట్టి దారిలో, మేకలు తిరిగే వైపు బండి ఆపాడు. ఎండ ప్యానెల్ల మీద పడి కళ్లు తెరవనివ్వడం లేదు. మనుషులు ఎవరూ లేరు. ఎక్కడో ఇన్వర్టర్లు రొద పెడుతున్నాయి.

కంచె పొడవునా గడ్డి మాడిపోయి ఉంది. నిప్పు పెట్టినట్టు కాదు. నిలబడ్డది నిలబడ్డట్టే గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయింది. తుమ్మ మొలకలు, వయ్యారిభామ, పల్లేరు, అన్నీ. కంచె లోపల ఒక బార, బయట ఒక బార, గీత గీసినట్టు. ఆ మాడిన వరసలో నల్లేరు ఒక్కటే పచ్చగా ఉంది. దాని ఆకులకు అక్కడక్కడ మచ్చలు పడ్డాయి గానీ కాడలు నిండుగా, నీరు పట్టి, కోసుకుపొమ్మన్నట్టు ఉన్నాయి. కొసలు తుంచిన చోట గాట్లు కనబడుతున్నాయి.

నేను ఎన్నో చూశాను. కాన్పులో రక్తం ఆగక పోయినవాళ్లను చూశాను. పాము కాటును చూశాను. కానీ ఆ పచ్చదనాన్ని చూసినంత భయం వాటిని చూసినప్పుడు కలగలేదు. ఎందుకంటే ఆ పొద్దు నేను ఆ దారిన పోయి ఉంటే నేనూ తుంచుకుని ఉండేదాన్ని.

“ఇది ఎవరు కొట్టినారప్పా?” అన్నాను.

అతను నేల చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను రెండోసారి అడగలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. ప్రశ్న ఒకసారి అడిగి నోరు మూసుకుని ఉండడం చాలా కష్టం. మాట మీద మాట వేస్తే ఎదుటి మనిషికి దాక్కునే చోటు దొరుకుతుంది.

“నేనే కొట్టినా సిస్టరమ్మా,” అన్నాడు చివరికి. “మొన్న పొద్దున. పెద్దోళ్లు చూడను వస్తారని గడ్డంతా తొందరగా పోవాలన్యాడు సూపర్‌వైజరు. బయట పక్క కొట్టే పనే లేదు. తీగ లోపలికి పాకతా ఉండాదని నేనే చెయ్యి బయటికి పెట్టి కొట్టినా.”

మీ అమ్మ ఇక్కడ కోస్తుందని తెలియదా అని నేను అడగలేదు. అతనే చెప్పాడు.

“మాయమ్మ ఈడ కోస్తాదని నాకు దెలుసు. ఆ పొద్దు మేకలు అట్ల పోవనుకున్యా. ఇంటికి పోయి చెప్దామనుకుంటి, మరిసిపోతి. నిన్న ఇంటికొచ్చి వాంతులు చూసినాక నోరు రాలే నాకు.”

గడ్డి మందు కొట్టిన సంగతి ఊళ్లో చెప్పొద్దని సూపర్‌వైజరు ముందే అన్నాడట. మేకలు, గొర్రెలు చస్తే గొల్లవాళ్లు కొట్లాటకు వస్తారని. ఆ భయం ఒకటి. పని పోతుందన్న భయం ఒకటి. వాటికన్నా పెద్దది, తన చేత్తో తన తల్లికీ కూతురికీ పెట్టానన్న భయం. నోరు విప్పితే అది నిజమవుతుంది, విప్పకపోతే ఏదో కడుపు నొప్పిగా తేలిపోతుందేమోనని ఒక రాత్రీ ఒక పూటా ఎదురుచూశాడు. ఇలా ఎదురుచూసేవాళ్లను మీరు చాలామందిని చూస్తారు. వాళ్లను తిట్టకండి. తిట్టడానికి టైం కూడా ఉండదు.

మందు డబ్బా కావాలన్నాను. అతను కంచె లోపలి షెడ్డు వైపు నడిచాడు. వాచ్‌మన్ ఏదో అడగడం, ఇతను ఏదో చెప్పడం దూరం నుంచి కనబడింది. బయటికి వచ్చి ఫోన్ నా చేతికి ఇచ్చాడు. అందులో డబ్బా మీది కాగితం ఫోటో ఉంది. మరక పడి సగం చెరిగిపోయింది, పేరు మాత్రం ఉంది. నీళ్లలో కలిపితే పచ్చనీలం రంగులో ఉంటుందని, ముక్కు పగిలే వాసన వస్తుందని చెప్పాడు.

ఫోటో డాక్టరుకు పంపాను. చూసినట్టు గుర్తు పడింది. ఫోన్ రాలేదు. తర్వాత ఫోన్ మోగింది. అతను అన్న మొదటి మాట, సిస్టర్, దారిలో గానీ పై ఆసుపత్రిలో గానీ ఎవరూ వాళ్లకు ఆక్సిజన్ పెట్టకుండా చూడాలి, నేనిప్పుడే సిలిండర్ తీయించేశాను అని. ఆ మందు లోపలికి పోయినవాళ్లకు ఊరికే ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయట. ఊపిరి ఆడనివాళ్లకు ఆక్సిజన్ పెట్టడం మన చేతులకు అలవాటైన పని. తిప్పేస్వామి మాట తర్వాత, మంచి చేసే చెయ్యే చంపుతుందని ఆ రోజు రెండోసారి విన్నాను.

ఇద్దరు కాదు, ఇంట్లో అందరినీ మళ్లీ అడగండి అన్నాడు డాక్టరు ఫోన్ పెట్టేసే ముందు.

రత్నమ్మ

ఆరోగ్య కేంద్రంలో రత్నమ్మ అత్త మంచం పక్క నేల మీద కూర్చుని ఉంది. బి.పి. చూడాలని చెప్పి పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. నిజంగానే బి.పి. చూశాను. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ, మందు సంగతి చెప్పాను. ఎవరు కొట్టారో చెప్పలేదు.

ఆమె నా కళ్లలోకి చూడకుండా తలుపు వైపు చూసింది.

“అత్తకు జెప్పొద్దు సిస్టరమ్మా,” అంది. “రోట్లో మిగిల్నేది ఏలితో నాకినా. పుల్లగా తినాలని ఉండె.”

ఎంత అంటే, వేలికి అంటినంత, రెండు సార్లు అంది. నోరు చూశాను. శుభ్రంగా ఉంది. అయినా నా చేతిలోని బల్బు నొక్కడం మరచిపోయాను. కడుపు మీద చెయ్యి వేసి చూస్తే బిడ్డ కదిలింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఇది బిడ్డకు పోతాదా అని అడిగింది. నాకు తెలియదు. డాక్టరు నేర్పిన మాటే చెప్పాను, నాకు దెలీదు రత్నమ్మా, దెలిసినోళ్ల కాడికి పోతా ఉండాము అని.

అబద్ధం చెప్పడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అత్త వద్దన్న పచ్చడి నాకిందన్న చిన్న సిగ్గు చాలు. అందుకే ఒక ఇంట్లో నలుగురు ఉంటే నలుగురినీ విడివిడిగా అడగండి. మగవాడి ఎదుట ఆడదాన్ని, అత్త ఎదుట కోడల్ని, ఎవరి ఎదుటైనా పిల్లల్ని అడిగి రాసుకున్నది నమ్మకండి.

అంబులెన్సులో

తాలూకా ఆసుపత్రిలో విషాన్ని పీల్చే బొగ్గు పొడి నీళ్లు తాగించారు. ఆలస్యమైనా తాగించడమే మేలన్నారు. ముగ్గుర్నీ తుమకూరు జిల్లా ఆసుపత్రికి పంపాలన్నారు. నేనూ ఎక్కాను. రత్నమ్మ ముందు సీటులో కూర్చుంది, పవిత్ర నా పక్కన నిద్రపోయింది. తిప్పేస్వామి వెనక బండి మీద వస్తున్నాడు. అంబులెన్సు అద్దంలోంచి అతను కనబడుతూనే ఉన్నాడు.

హనుమక్క నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నోటి పుళ్లతో మాట సరిగా రావడం లేదు. చెవి దగ్గరగా పెట్టాను.

“వానికి జెప్పొద్దు,” అంది. “నల్లేరు వల్లనే అని వానికి జెప్పొద్దు. ముసల్దానికి కడుపు చెడిందని చెప్పు.”

ఎందుకు అవ్వా అన్నాను.

“వాని చొక్కా నేనే ఉతికినా. నల్లేరు నూరేటప్పుడు అదే వాసన వచ్చింది. నా చేతులకు అంటిన వాసనేమో అనుకుంటి.”

ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. గరుకైన, ఎముకలు తేలిన చెయ్యి. అద్దంలో కొడుకు తలకు కట్టిన తువ్వాలు గాలికి కొట్టుకుంటోంది. కొడుకు నాకు అప్పటికే చెప్పాడు, తల్లికి చెప్పొద్దని బతిమాలాడు కూడా. తల్లి ఇప్పుడు కొడుకుకు చెప్పొద్దంటోంది. ఇద్దరికీ తెలుసని నాకొక్కదానికే తెలుసు. చెబితే ఇద్దరికీ భారం తగ్గుతుందా, పెరుగుతుందా? దారి పొడవునా ఆలోచించాను. మధుగిరి దాటిందని డ్రైవరు ఎవరికో ఫోన్‌లో చెబుతుంటే విన్నాను గానీ ఏ ఊరు ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు. చివరికి సరే అవ్వా అన్నాను.

వైద్యానికి కావలసిన ప్రతి నిజమూ డాక్టరుకు చేరాలి. మిగతాది ఎవరిదో వాళ్లకే వదిలేయాలి. నేను పెట్టుకున్న నియమం ఇది. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తర్వాత

ఆ మందుతో భయం ఏమిటంటే, మొదట మనిషి బాగుపడ్డట్టే కనిపిస్తాడు. నోటి పుళ్లు మానుతుంటాయి. గంజి తాగుతాడు. ఇంటికి పోదామంటాడు. లోపల మూత్రపిండాలు, ఊపిరితిత్తులు మెల్లగా పాడవుతుంటాయి. పెద్ద డాక్టర్లు రోజూ రక్తం తీసి చూసేవారు. తిప్పేస్వామి నాకు రోజూ ఫోన్ చేసేవాడు. ఫోన్ మోగితే తీయడానికి భయం, మోగకపోతే ఇంకా భయం.

పవిత్ర తిన్నది తక్కువ. గీరుతోందని ముద్ద సగంలో వదిలేసి, వెంటనే కక్కేసిందట. పిల్ల మెల్లగా తేరుకుంది. రత్నమ్మ పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. అయినా కాన్పు అయ్యేవరకు ఆమె రాత్రిపూట నిద్రపోలేదు. బిడ్డ కాస్త సేపు కదలకపోతే నాకు కబురు వచ్చేది. నేను వెళ్లి కడుపు మీద చెవి పెట్టేదాన్ని. గుండె చప్పుడు వినబడే వరకు నా గుండె ఆడేది కాదు. మగబిడ్డ పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు.

హనుమక్క తిరిగి రాలేదు. రుచి చూస్తూ నూరింది, అందరికన్నా ఎక్కువ తిన్నది, గిన్నె కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా ముద్దలో కలుపుకున్న మనిషి. ముందు లేచి కూర్చుంది, మేకల సంగతి అడిగింది. తర్వాత ఊపిరి అందడం తగ్గుతూ వచ్చింది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి, గాలి కోసం వెతుక్కుంటోంది. కొడుకు ఆమె వీపు నిమురుతున్నాడు. ఆమె అతన్ని చూసి, ముసల్దానికి కడుపు చెడిందప్పా అంది. అతను అవునమ్మా అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

మేం పై అధికారులకు చెప్పాం. డాక్టరు భయపడకుండా ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ఆ సూపర్‌వైజరు మళ్లీ కనబడలేదు. కంచె బయట మందు కొట్టడం లేదని అంటున్నారు. లోపలి సంగతి నాకు తెలియదు. ఊళ్లో మాత్రం నల్లేరు తినడం మానేశారు. ఎవరో మేకల మనిషి కంచెల మీది తీగంతా కొడవలితో కోసి కుప్ప వేశాడు. వాన పడితే ఆ కుప్పలోంచే మళ్లీ మొలిచింది.

తిప్పేస్వామి ఆ పని వదిలేసి మేకలు పట్టుకున్నాడు. ఎవరు కొట్టారన్నది ఊరికి తెలియదు. తెలిస్తే ఏం చేసేవారో నేను ఊహించుకోవడం మానేశాను.

నేను రిటైర్ కావడానికి కాస్త ముందు, బిడ్డకు టీకా వేయడానికి ఆ ఇంటికి వెళ్లాం. పరిశీలనకు వచ్చిన పై అధికారిణి నాతో ఉన్నారు. భోజనాల వేళ. తిప్పేస్వామి పళ్లెం ముందు కూర్చుని ఒక్కడే తింటున్నాడు. ముద్దలోంచి ఒక ముక్క, పులుసులోంచి ఒక చుక్క, తొక్కులోంచి చిటికెడు. బిడ్డను ఒళ్లో వేసుకుని రత్నమ్మ, పక్కన పవిత్ర గోడకు ఆనుకుని అతన్నే చూస్తున్నారు. అధికారిణికి కోపం వచ్చింది. పాలిచ్చే తల్లిని, చదువుకునే పిల్లను కూర్చోబెట్టి మగవాడు ముందు తినడమేమిటని, ఈ ఊళ్లు ఎప్పటికి మారతాయని మందలించారు. మీరైనా చెప్పరా అని నన్ను కూడా అన్నారు.

తిప్పేస్వామి తల దించుకుని విన్నాడు. తిన్న చెయ్యి పళ్లెంలోనే పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. నాలుకతో పెదవుల లోపల తడుముకున్నాడు. ఉమ్మి మింగి చూసుకున్నాడు. మేం టీకా వేసి, బిడ్డ ఏడుపు మాని, నేను పెట్టె మూసేవరకు కూర్చునే ఉన్నాడు.

అప్పుడు పళ్లెం కూతురి ముందుకు జరిపి, “తిను పాపా,” అన్నాడు.